వెలిగే బంగారు నానో కణాలు, శరీరం లోపలి చిత్రాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బంగారాన్ని చిన్నది చేస్తూ పోతే ఒక దశలో అది వెలగడం మొదలుపెడుతుంది. ఆ వెలుగును పట్టుకుని శరీరం లోపల ఏం జరుగుతోందో చూడాలని చాలా ల్యాబుల్లో ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఈ సంగతి చెప్పగానే ప్రశ్నలు వస్తాయి. ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళు అడిగేవి ఒక రకం, డాక్టర్లు అడిగేవి ఇంకో రకం. ఇంట్లో పేషెంటును పెట్టుకుని ఎక్కడో ఒక వార్త చదివి ఆశగా అడిగేవాళ్ళూ ఉంటారు. ముగ్గురికీ ఒకేచోట జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఏ ప్రశ్న నుంచి మొదలుపెట్టి చదివినా ఫరవాలేదు.

ఎంత చిన్నగా ఉంటాయి ఇవి?

ఒక బంగారు పరమాణువు అడ్డుకొలత సుమారు 0.29 నానోమీటర్లు. ఇక్కడ మాట్లాడుకునే కణాలు చాలావరకు 1 నుంచి 3 నానోమీటర్ల లోపే ఉంటాయి. 2 నానోమీటర్ల కణంలో దాదాపు 250 పరమాణువులు పడతాయి. అంతకన్నా చిన్నవాటిలో ఎన్ని పరమాణువులు ఉన్నాయో లెక్కపెట్టి మరీ చెప్పొచ్చు: 25, 18, 15 అని. అలా లెక్క తెలిసిన చిన్న గుంపులను నానో క్లస్టర్లు అంటారు. ఎక్కడ క్లస్టర్ అయిపోయి ఎక్కడ కణం మొదలవుతుందన్న దానికి గట్టి గీత లేదు, 2 నానోమీటర్ల దగ్గర అనుకుంటే చాలు.

మామూలు బంగారం వెలగదు కదా, ఇది ఎందుకు వెలుగుతుంది?

నగలో కనిపించేది బంగారం సొంత వెలుగు కాదు, బయటి కాంతి దాని మీద పడి తిరిగి రావడమే. సొంతంగా వెలగడమంటే వేరు: ఒక రంగు కాంతిని మింగి, కాసేపాగి వేరే రంగు కాంతిని బయటికి వదలాలి. ముద్ద బంగారం కూడా ఆ పని చేస్తుందని 1969లో మూరాడియన్ అనే శాస్త్రవేత్త చూపించాడు. కానీ అది ఎంత తక్కువంటే, సుమారు వెయ్యి కోట్ల ఫోటాన్లు (కాంతి రేణువులు) మింగితే ఒక్కటి తిరిగి ఇస్తుంది. చూడటానికి పనికిరాదు.

కారణం ఇదీ. పెద్ద లోహపు ముద్దలో ఎలక్ట్రాన్లకు ఉండే శక్తి స్థాయులు ఒకదానికొకటి అతుక్కుపోయి ఏటవాలు జారుడుబల్లలా ఉంటాయి. పైకి ఎక్కిన ఎలక్ట్రాన్ జర్రున కిందికి జారిపోతుంది, దాని శక్తంతా వేడిగా మారిపోతుంది. కణాన్ని 2 నానోమీటర్ల కన్నా చిన్నది చేస్తే, ఉన్న కొద్ది పరమాణువులతో అంత నునుపైన జారుడుబల్ల కట్టడం కుదరదు. మెట్లు విడివిడిగా తేలతాయి. పై మెట్టు మీదున్న ఎలక్ట్రాన్ కింది మెట్టుకు ఒక్క దూకు దూకాలి, ఆ దూకులో కాంతి బయటపడుతుంది. లోహం లోహంలా ఉండటం మానేసి అణువులా ప్రవర్తిస్తుందన్నమాట. ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నా, నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా అనిపించేది ఇదే. పదార్థం మారలేదు, మారింది సైజు ఒక్కటే.

ఎర్రగా కనిపించే బంగారు ద్రావణం చూశాను. అది ఇదేనా?

కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

1857లో మైకేల్ ఫారడే లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో కెంపు రంగు బంగారు ద్రావణాలు తయారుచేసి, ఆ రంగుకు కారణం లోపల తేలుతున్న అతి సన్నని బంగారు రేణువులేనని చెప్పాడు. ఆ రేణువులు 10 నానోమీటర్లు, ఇంకా పైన ఉండే రకం. వాటిలోని ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఒక్క ఊపున ఊగుతాయి, దాన్నే ప్లాస్మాన్ అంటారు. ఆ ఊపుకు 520 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ కాంతి ఖర్చయిపోతుంది, మిగిలిన ఎరుపు మన కంటికి చేరుతుంది. ప్రెగ్నెన్సీ టెస్ట్ కిట్లలో పడే ఎర్ర గీత చాలావరకు ఈ రకం బంగారమే.

అది రంగు మాత్రమే, వెలుగు కాదు. నిజానికి ఆ పెద్ద కణాలు పక్కన ఏదైనా వెలిగే రంగును పెడితే దాని వెలుగును కూడా ఆర్పేస్తాయి. వెలిగే చిన్న కణాల ద్రావణం పగటి వెలుతురులో చూస్తే లేత పసుపుగానో గోధుమ రంగులోనో ఉంటుంది, చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. అందమంతా అతినీలలోహిత దీపం కింద పెట్టినప్పుడే.

వెలుగు ఏ రంగులో ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు?

మొదట సైజు. 2004లో డెండ్రిమర్ అనే కొమ్మల్లాంటి అణువుల మధ్య బంగారు క్లస్టర్లను పెంచి చూపించారు: 8 పరమాణువులది నీలంగా, 13 పరమాణువులది ఆకుపచ్చగా, 31 పరమాణువులది కంటికి కనిపించని సమీప పరారుణంలో వెలిగాయి. పరమాణువులు పెరిగేకొద్దీ మెట్ల మధ్య ఎడం తగ్గి, వెలుగు ఎరుపు వైపు జరుగుతుంది.

కథ అంతటితో ఆగితే బాగుండేది. కానీ గంధకం ఉన్న అణువులతో పూత వేసిన క్లస్టర్లలో ఈ లెక్క సరిగ్గా కుదరదు. వాటిలో నడిమధ్య లోహపు గింజ, చుట్టూ బంగారం, గంధకం కలిసి అల్లుకున్న తొడుగు ఉంటాయి. 25 బంగారు పరమాణువులు, 18 థయాల్ (గంధకం ఉన్న) అణువులు ఉన్న ప్రసిద్ధ క్లస్టర్ అసలు ఆకారం 2008లో స్ఫటిక చిత్రాల్లో తేలింది: మధ్యలో 13 పరమాణువుల గింజ, దాని చుట్టూ ఆరు పట్టీలు. చాలా రకాల్లో వెలుగు ఆ తొడుగుతో ముడిపడి ఉంటుంది. తొడుగు వదులుగా ఊగిసలాడుతుంటే శక్తి వేడిగా పోతుంది, బిగుతుగా పట్టి ఉంచితే వెలుగు పెరుగుతుంది. 2012లో గ్లూటాథయోన్ అనే అణువుతో ఇలా బిగించి చేసిన కణాలు, మింగిన ఫోటాన్లలో 15 శాతం దాకా వెలుగుగా తిరిగి ఇచ్చాయి. అందుకే పూత మార్చితే అదే గింజ వేరేగా వెలగొచ్చు.

ఎలా తయారుచేస్తారు? కష్టమా?

ఒక రకం ఆశ్చర్యంగా సులువు. 2009లో వచ్చిన పద్ధతి ఇది, కొత్తగా చేరినవాళ్ళతో నేను మొదట చేయించేదీ ఇదే.

గాజు సామాను ముందు ఆక్వా రీజియాతో కడగాలి, అంటే ఒక వంతు నైట్రిక్, మూడు వంతుల హైడ్రోక్లోరిక్ ఆమ్లం. గాజుకు పాత బంగారం కంటికి కనపడనంత అంటుకుని ఉన్నా కొత్త కణాలు దాని మీదే పేరుకుని పెద్దవైపోతాయి, ఇక మొదటికే మోసం. ఇది ఫ్యూమ్ హుడ్ కింద, చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని చేయాల్సిన పని. బంగారాన్ని అందించే క్లోరోఆరిక్ ఆమ్లాన్ని స్టీలు స్పూనుతో తీయకూడదు, ప్లాస్టిక్‌దే వాడాలి. స్టీలు తగిలితే బంగారం ఆ స్పూను మీదే దిగిపోతుంది.

తర్వాత 10 మిల్లీమోలార్ క్లోరోఆరిక్ ఆమ్లం 5 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల చొప్పున పశువుల రక్తపు అల్బుమిన్ ద్రావణం 5 మిల్లీలీటర్లు 37 డిగ్రీల దగ్గర గట్టిగా కలుపుతారు. రెండు నిమిషాలాగి 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ అర మిల్లీలీటరు వేస్తారు. పన్నెండు గంటలు కలుపుతూనే వదిలేయాలి. ఇక్కడ బంగారు అయాన్లను లోహంగా మార్చే (క్షయకరణం చేసే) రసాయనం విడిగా ఏదీ వేయలేదు. క్షారం తగలగానే ప్రొటీన్‌లోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఆ పని అందుకుంటుంది, సిస్టీన్‌లోని గంధకం పుట్టిన క్లస్టర్‌ను పట్టి ఉంచుతుంది. ప్రొటీనే పొయ్యి, ప్రొటీనే గిన్నె.

లేత పసుపు ద్రావణం లేత గోధుమ రంగుకు, తెల్లారేసరికి ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. గదిలో లైట్లు తీసేసి, 365 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద ఆ సీసాను పెట్టండి. కషాయంలా ఉన్న నీళ్ళు ఒక్కసారిగా నిప్పు కణికలా ఎర్రగా వెలుగుతాయి. ఆ వెలుగు 640 నానోమీటర్ల దగ్గరిది. మొదటిసారి చూసినవాళ్ళు సీసాను దీపం కిందినుంచి తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసి చూస్తారు. నేనూ అదే చేశాను.

తెల్లారేసరికి ద్రావణం వంగపండు రంగుకో కెంపు రంగుకో తిరిగిందంటే కణాలు పెరిగిపోయి ప్లాస్మాన్ రకం అయిపోయాయని అర్థం. పారబోసి, గాజు సామాను కడగడం నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.

మరి కష్టం ఎక్కడుంది?

ఒకే సైజువి తయారుచేయడంలో, వేరుచేయడంలో, ఏం తయారైందో రుజువు చేయడంలో. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూద్దామంటే ఆ ఎలక్ట్రాన్ పుంజం దెబ్బకే చిన్న క్లస్టర్లు ఒకదానితో ఒకటి కలిసిపోయి పెద్దవిగా కనిపించే ప్రమాదం ఉంది. అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమెట్రీ చేస్తేగానీ పరమాణువుల లెక్క తేలదు.

గ్లూటాథయోన్ పూత గురించే అందరూ ఎందుకు మాట్లాడతారు?

గ్లూటాథయోన్ మన కణాల్లో సహజంగా ఉండే చిన్న పెప్టైడ్, మూడే అమైనో ఆమ్లాలు. దాని సిస్టీన్‌లోని గంధకం బంగారాన్ని గట్టిగా పట్టుకుంటుంది. బయటివైపు ధనావేశం, ఋణావేశం రెండూ ఉండటం వల్ల రక్తంలోని ప్రొటీన్లు దాని మీద పెద్దగా అతుక్కోవు. ప్రొటీన్లు అతుక్కుంటే 2 నానోమీటర్ల కణం కాస్తా పెద్ద మూటలా మారుతుంది, శరీరం దాన్ని చూసే తీరే మారిపోతుంది. పూత పలచగా, శుభ్రంగా ఉండటం ఎంత ముఖ్యమో కిడ్నీల ప్రశ్న దగ్గర తెలుస్తుంది.

వెలుగు చర్మం దాటి ఎంత లోతు నుంచి బయటికి వస్తుంది?

చీకట్లో టార్చిలైటు మీద అరచెయ్యి పెట్టి చూడండి. తెల్లటి కాంతిలోంచి ఎరుపు ఒక్కటే వేళ్ళ దాటి వస్తుంది. నీలం, ఆకుపచ్చ రంగులను హిమోగ్లోబిన్ మింగేస్తుంది. ఎరుపు దాటి సుమారు 650 నుంచి 950 నానోమీటర్ల మధ్య రక్తమూ నీరూ రెండూ కాంతిని తక్కువగా మింగే ఒక సందు ఉంది. దాన్ని సమీప పరారుణ కిటికీ అంటారు. 1000 నానోమీటర్లు దాటాక రెండో కిటికీ ఉంది, అక్కడ కాంతి చెదరడం ఇంకా తగ్గుతుంది కాబట్టి రక్తనాళాల అంచులు స్పష్టంగా కనిపిస్తాయి. 25 పరమాణువుల క్లస్టర్ల వెలుగు ఈ రెండో కిటికీలోకి కూడా వెళుతుంది.

అయినా లోతు అంటే మిల్లీమీటర్లు, బాగా కుదిరితే సెంటీమీటరో రెండో. ఎలుక పిల్ల శరీరానికి అది సరిపోతుంది. పెద్ద మనిషి కాలేయం లోపలికి బయటి నుంచి కాంతితో చూడటం కుదరదు. ఆపరేషన్ చేస్తూ తెరిచిన చోట, ఎండోస్కోప్ వెళ్ళగలిగిన చోట, చర్మం కింద ఉన్న గ్రంథుల దగ్గర ఈ వెలుగు పనికొస్తుంది. ఎంఆర్ఐకి బదులుగా దీన్ని వాడొచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంకో మేలు గురించి కూడా చెప్పాలి. మన కణజాలం కూడా కాంతి తగిలితే సొంతంగా కొద్దిగా వెలుగుతుంది, ఆ వెలుగు కొన్ని నానోసెకన్లలోనే ఆరిపోతుంది. చాలా రకాల బంగారు క్లస్టర్ల వెలుగు మైక్రోసెకన్ దాకా నిలుస్తుంది. కాబట్టి కాంతి పడ్డ వెంటనే కెమెరా తెరవకుండా ఒక్క క్షణం ఆగి తెరిస్తే కణజాలం వెలుగు పోయి బంగారం వెలుగే మిగులుతుంది.

ఇంజెక్షన్ చేశాక ఆ బంగారం శరీరంలోనే ఉండిపోతుందా?

ఈ పేజీ మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. జబ్బు ఉందో లేదో చూడటానికి ఇచ్చే పదార్థం పని అయ్యాక బయటికి వెళ్ళిపోవాలి. బంగారం తుప్పు పట్టదు, తేలిగ్గా కరగదు. ఎందుకు మంచిదో ఆ గుణమే ఇక్కడ చిక్కు కూడా.

పెద్ద కణాలను, అంటే పది ఇరవై నానోమీటర్లవాటిని, కాలేయంలోనూ ప్లీహంలోనూ ఉండే భక్షక కణాలు మింగి దాచేసుకుంటాయి. నెలల తరబడి అక్కడే ఉంటాయి. బయటికి పోవాలంటే కిడ్నీ దారి పట్టాలి. 2007లో క్వాంటమ్ డాట్లతో (వెలిగే అర్ధవాహక నానో కణాలతో) చేసిన పనిలో ఆ గుమ్మం ఎంత వెడల్పో తేలింది: పూతతో సహా, నీటిలో తేలుతున్నప్పటి అడ్డుకొలత సుమారు 5.5 నానోమీటర్ల లోపు ఉంటేనే గోళాకార కణాలు చకచకా మూత్రంలోకి వెళతాయి.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. బంగారం వెలగాలన్నా చిన్నదై ఉండాలి, కిడ్నీ దాటాలన్నా చిన్నదై ఉండాలి. వెలుగూ, బయటికి వెళ్ళే దారీ ఒకే సైజు దగ్గర కలిశాయి. ఈ పరిశోధనకు ప్రాణం అక్కడే ఉందని నా నమ్మకం. డాలస్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో జీ ఝెంగ్ బృందం 2011లో గ్లూటాథయోన్ పూత ఉన్న 2 నానోమీటర్ల స్థాయి వెలిగే కణాలను ఎలుకలకు ఎక్కిస్తే, సగానికి పైగా బంగారం మూత్రంలో తేలింది. కాలేయంలో మిగిలింది చాలా తక్కువ.

అదే బృందం 2017లో చూపించిన సంగతి నన్ను ఇంకా ఆకట్టుకుంది. కణం ఎంత చిన్నదైతే అంత త్వరగా పోతుందని అందరం అనుకున్నాం. 25 పరమాణువుల క్లస్టర్ కన్నా 18, 15, 10–11 పరమాణువులవి ఇంకా చిన్నవే కదా. కానీ మొదటి గంటల్లో అవే 4 నుంచి 9 రెట్లు నెమ్మదిగా వెళ్ళాయి. కిడ్నీలో రక్తాన్ని వడగట్టే గ్లోమెరులస్ లోపలి గోడల మీద చక్కెర అణువుల మెత్తటి పొర ఒకటి ఉంటుంది. అతి చిన్న క్లస్టర్లు అందులో చిక్కుకుని ఆగిపోతున్నాయి, కొంచెం పెద్దవి ఆ పొరలోకి దూరలేక పక్కనుంచి వెళ్ళిపోతున్నాయి. నాలుగైదు పరమాణువుల తేడాను కిడ్నీ పసిగడుతోందన్నమాట. ఇంత సున్నితమైన జల్లెడ మన శరీరంలో ఉందని బంగారం చెబితే తెలిసింది.

కిడ్నీ జబ్బులు కనుక్కోవడానికి ఇవి పనికొస్తాయా?

చక్కగా పనికొచ్చే అవకాశం ఉంది. కిడ్నీ గుండానే వెళ్ళే వెలుగు కాబట్టి, ఎడమ కిడ్నీ ఎంత, కుడి కిడ్నీ ఎంత పనిచేస్తున్నాయో విడివిడిగా చూడొచ్చు. ఎలుకల్లో ఒక కిడ్నీ మూత్రనాళాన్ని కట్టేస్తే రెండోది బరువంతా మోస్తుంది. అప్పుడు రక్తపరీక్షలో క్రియాటినిన్ మామూలుగానే వస్తుంది, అంతా బాగుందనే అనిపిస్తుంది. ఒంటి మీద కెమెరా పెట్టి కణాల వెలుగు ఎక్కే తీరు, దిగే తీరు గమనిస్తే దెబ్బతిన్న కిడ్నీ బయటపడింది, ఎంత దెబ్బతిన్నదో కూడా కొంతవరకు తెలిసింది.

వెలుగుతో సంబంధం లేకపోయినా దీనికి దగ్గరి చుట్టం లాంటి పని ఒకటి 2019లో వచ్చింది. బంగారు క్లస్టర్లను ఒక పెద్ద ప్రొటీన్‌కు కట్టి ఎలుకలకు ఇచ్చారు. కట్టిన తాడు ట్యూమర్ దగ్గరి ఎంజైములు తెంపగలిగే పెప్టైడ్. తాడు తెగితే క్లస్టర్ చిన్నదై మూత్రంలోకి వస్తుంది, తెగకపోతే రాదు. ఆ మూత్రంలో తగిన రసాయనం వేస్తే బంగారం ఉత్ప్రేరకంగా పనిచేసి నీలం రంగు తెస్తుంది, కంటితోనే చూసి చెప్పొచ్చు. కిడ్నీ సైజు గుమ్మాన్నే పరీక్షగా మార్చేశారు.

ట్యూమర్‌ను వెతుక్కుంటూ వెళతాయా?

వెతుక్కుంటూ వెళ్ళవు. రక్తంలో తిరుగుతూ ఉంటాయి. ట్యూమర్లలో రక్తనాళాలు ఆదరాబాదరాగా పెరగడం వల్ల గోడలకు సందులుంటాయి, కొన్ని కణాలు వాటి గుండా బయటికి కారి అక్కడే నిలుస్తాయి. 1986లో జపాన్ శాస్త్రవేత్తలు మత్సుమురా, మయేదా దీన్ని వివరించారు. ట్యూమర్ కణాలను పట్టుకునే ఫోలిక్ ఆమ్లం, పెప్టైడ్‌లు, యాంటీబాడీలు కణం మీద అతికిస్తే పట్టు కొంత పెరగొచ్చు. కానీ అతికించిన ప్రతిదీ సైజును పెంచుతుంది, గుమ్మం 5.5 నానోమీటర్లే అన్నది మరిచిపోకూడదు.

చేరే మొత్తం కూడా అంత ఎక్కువ ఉండదు. పదేళ్ళ నానో కణాల పరిశోధనలను ఒకచోట చేర్చి 2016లో లెక్కేస్తే, ఎక్కించిన దానిలో ట్యూమర్‌కు చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. అన్ని రకాల నానో కణాలనూ కలిపిన లెక్క ఇది, బంగారానిది ఒక్కదానిదే కాదు. బొమ్మలో ట్యూమర్ ఎర్రగా మెరుస్తున్నా మిగతా 99 శాతం ఎక్కడుందని అడగండి. చిన్న కణాలకు మాత్రం ఒక అనుకూలత ఉంది: ట్యూమర్‌కు చేరనివి త్వరగా బయటికి పోతాయి, చుట్టూ చీకటి పడుతుంది, లోపల చిక్కినవి స్పష్టంగా కనిపిస్తాయి.

ఇప్పుడున్న రంగుల కన్నా ఇవి ప్రకాశవంతమైనవా?

కాదు. ఫ్లోరెసీన్ అనే రంగు నూరు ఫోటాన్లు మింగితే తొంభైకి పైగా తిరిగి ఇస్తుంది. అల్బుమిన్ పద్ధతిలో చేసిన బంగారం ఆరు ఇస్తుంది. సమీప పరారుణంలో వెలిగే బంగారం చాలావరకు ఇంకా తక్కువే. 1959 నుంచి అమెరికాలో అనుమతి ఉన్న ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును డాక్టర్లు ఇప్పటికీ రోజూ వాడుతున్నారు, దానికి మంచి కారణమే ఉంది.

మరి బంగారం దేనికంటే, ఆ రంగులు గట్టి కాంతి కింద కాసేపటికి వెలిసిపోతాయి, బంగారం ఎక్కువసేపు తట్టుకుంటుంది. ఇండోసయనిన్ గ్రీన్ రక్త ప్రొటీన్లకు అంటుకుని కాలేయం దారిలో వెళుతుంది కాబట్టి కిడ్నీల గురించి ఏమీ చెప్పలేదు. క్వాంటమ్ డాట్లు చాలా బాగా వెలుగుతాయి, కానీ వాటిలో ఎక్కువ రకాల్లో కాడ్మియం ఉంటుంది. ఇంకో లాభం పైకి కనిపించదు: శరీరంలో సహజంగా బంగారం దాదాపు ఉండదు. ప్రయోగం అయ్యాక ఏ అవయవంలో ఎంత చేరిందో మాస్ స్పెక్ట్రోమీటర్‌తో కచ్చితంగా కొలవొచ్చు. వెలుగు అబద్ధం చెప్పినా బంగారం లెక్క చెప్పదు.

సీటీ స్కాన్‌లో కూడా కనిపిస్తాయా?

కనిపిస్తాయి. బంగారం పరమాణు సంఖ్య 79, సీటీకి మామూలుగా వాడే అయోడిన్‌ది 53. ఎక్స్-కిరణాలను బంగారం బాగా ఆపుతుంది. కాకపోతే సీటీకి కావలసిన మోతాదు, వెలుగుకు కావలసిన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. రెండూ ఒకే ఇంజెక్షన్‌తో జరిగిపోతాయని రాసేవాళ్ళు ఈ తేడాను దాటేస్తుంటారు.

బంగారు కడ్డీల గురించి కూడా విన్నాను. అవి వేరా?

వేరు. నానో కడ్డీలు పదుల నానోమీటర్ల పొడవుంటాయి, వాటి వెలుగు ప్లాస్మాన్ సాయంతో వచ్చేది. రెండు ఫోటాన్లను ఒకేసారి మింగి వెలుగుతాయి. 2005లో ఒక్క కడ్డీ రోడమీన్ అనే వెలిగే రంగు ఒక్క అణువు కన్నా 58 రెట్లు ప్రకాశించిందని చూపించారు, ఎలుక చెవిలోని రక్తనాళాల్లో అవి పారడం కూడా చూశారు. బాగా కనిపిస్తాయి, కానీ కిడ్నీ దాటలేవు.

విషం కాదా?

బంగారం విషం కాదు కాబట్టి నానో బంగారమూ కాదు అనుకోవడం తప్పు. 2007లో ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ రకం పూత ఉన్న 1.4 నానోమీటర్ల క్లస్టర్లు ల్యాబులో పెంచిన కణాలను చంపేశాయి. అదే రకం పూతతో 15 నానోమీటర్లవి ఏమీ చేయలేదు. తర్వాత ఆ చిన్న సైజులోనే పూతను గ్లూటాథయోన్‌కు మార్చితే హాని బాగా తగ్గింది. కాబట్టి "బంగారు నానో కణాలు సురక్షితం" అనే వాక్యానికి అర్థం లేదు. ఏ సైజు, ఏ పూత, ఎంత మోతాదు, ఎన్నాళ్ళు అనేవి చెప్పినప్పుడే దానికి అర్థం ఉంటుంది.

ఆస్పత్రిలో ఈ పరీక్ష చేయించుకోవచ్చా?

ఇప్పటికి లేదు. పైన చెప్పిన ఫలితాలు ఎలుకలవి, గాజు పాత్రల్లోవి. మీ ఇంట్లో ఎవరికైనా వైద్యం జరుగుతూ ఉంటే దీని కోసం ఏదీ వాయిదా వేయకండి. ఇంటర్నెట్‌లో "నానో గోల్డ్" పేరుతో అమ్మే నీళ్ళకూ ఈ పరిశోధనకూ సంబంధం లేదు.

మనుషుల శరీరంలోకి బంగారం వెళ్ళడం మాత్రం కొత్త కాదు. కీళ్ళవాతానికి ఇచ్చే ఆరనోఫిన్ అనే బంగారు మందుకు అమెరికాలో 1985లో అనుమతి వచ్చింది. ఇసుక లాంటి సిలికా గింజ మీద బంగారు పెంకు ఉన్న పెద్ద కణాలతో ప్రోస్టేట్ కణితులను వేడిచేసి చంపే ప్రయోగాలు మనుషుల్లో జరిగాయి. అవి వెలిగేవి కావు.

ఈ విషయం మీద వచ్చే పేపర్లు చదివేటప్పుడు ఏం చూడాలి?

నేను ముందు చూసేది సైజు ఎలా కొలిచారన్నది. మైక్రోస్కోప్‌లో కనిపించేది లోహపు గింజ ఒక్కటే, కిడ్నీ చూసేది పూతతో కలిపిన సైజు. రెండోది రాయకపోతే మిగతా మాటలు గాలిలో ఉన్నట్టే.

తర్వాత మూత్రంలోకి ఎంత వచ్చింది, కాలేయంలో ఎంత ఉంది అన్న లెక్క చూస్తాను. "కిడ్నీలు వెలిగాయి" అన్నంత మాత్రాన బయటికి పోయినట్టు కాదు, అక్కడే చిక్కుకున్నా వెలుగుతాయి.

మూడోది, వెలుగు నిజంగా క్లస్టర్‌దేనా? అల్బుమిన్ పద్ధతిలో 450 నానోమీటర్ల దగ్గర కనిపించే నీలం ప్రొటీన్‌దే. అసలు ఆ ఎర్ర వెలుగే 25 పరమాణువుల క్లస్టర్‌ది కాదని, ప్రొటీన్‌కు అంటుకున్న బంగారు అయాన్లదై ఉండొచ్చని 2018లో ఒక వాదన వచ్చింది. ఆ వాదన చదివాక నేను పదేపదే చేయించిన ప్రయోగాన్నే మళ్ళీ కొత్తగా చూడాల్సి వచ్చింది. వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చకుండా దాన్ని శరీరంలోకి పంపి అర్థాలు చెప్పడం సరికాదు.

ఇంకొకటి: పాదరసం, రాగి అయాన్లు దగ్గరికొస్తే అల్బుమిన్ రకం వెలుగు తగ్గిపోతుంది. నీటిలో పాదరసం పట్టుకోవడానికి ఆ గుణం పనికొస్తుంది, కానీ శరీరంలో వెలుగు తగ్గిందంటే కణాలు తగ్గాయనే కాదు, ఏదో ఆర్పి ఉండొచ్చు కూడా.

బంగారం కదా, చాలా ఖర్చవుతుందా?

ఒకసారి చేసే ప్రయోగానికి పట్టే బంగారం కొన్ని మిల్లీగ్రాములు. ఖర్చంతా కెమెరాలకు, స్పెక్ట్రోమీటర్లకు, మనుషుల సమయానికి.

తయారుచేసిన ద్రావణం ఎన్నాళ్ళు నిలవుంటుంది?

డయాలిసిస్ చేసి (సన్నని పొర గుండా వడగట్టి) మిగిలిన ఉప్పులు తీసేశాక, 4 డిగ్రీల దగ్గర, వెలుతురు తగలకుండా పెట్టండి. అల్బుమిన్ రకాన్ని గడ్డకట్టించి నీరు లాగేస్తే లేత గోధుమ రంగు పొడి మిగులుతుంది, అది ఇంకా ఎక్కువకాలం ఉంటుంది. నీళ్ళలో కలిపితే మళ్ళీ వెలుగుతుంది. నేను సీసా మీద తేదీతో పాటు దీపం కింద తీసిన ఫోటో నంబరు కూడా రాస్తాను. నెలకోసారి అదే దీపం, అదే కెమెరా సెట్టింగులతో ఫోటో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఎరుపు తగ్గినా, 520 నానోమీటర్ల దగ్గర శోషణ (కాంతిని మింగడం) తలెత్తినా ఆ సీసా ఇక జంతు ప్రయోగాలకు పనికిరాదు. ఫారడే చేసిన కెంపు రంగు సీసాలు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. చిన్న క్లస్టర్లకు అంత ఆయుష్షు ఉండదు, వాడాల్సిన వారంలోనే తాజాగా చేసుకోవడం మేలు.